శక్తి బ్యాండ్: ఏ పీట మీద ఎవరు కూర్చున్నారు, దాంతో పాట ఏమైంది (శ్రుతిపెట్టె, వాయులీనం లాంటి కలంపేర్లతో అభిమానుల చర్చ)

శ్రుతిపెట్టె
శక్తి అంటే జాజ్ గిటార్‌ని మన శాస్త్రీయ సంగీతంతో కలిపిన బ్యాండ్. దాని మాట ఎత్తితే చాలు, రెండు జట్లు తయారవుతాయి. "మొదటి నలుగురే శక్తి, తర్వాతోళ్లంతా అతిథులు" అని ఒకరు. "శంకర్ మహదేవన్ వచ్చాకే వినబుద్ధయింది" అని ఇంకొకరు. వాదనకి ముందు లెక్క సరిచూసుకుందాం.

మొదటి రికార్డు 1975 జులైలో లాంగ్ ఐలాండ్‌లోని సౌతాంప్టన్ కాలేజీలో జరిగిన కచేరీ. అట్ట మీద 1976 అని ఉంటుంది కాబట్టి చాలామంది ఏడాది తప్పు చెబుతారు. అందులో ఉన్నది నలుగురు కాదు, ఐదుగురు: గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్.శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్, మృదంగం ఆర్.రాఘవన్. ఆ రికార్డు తర్వాత రాఘవన్ బ్యాండ్‌లో లేరు. మిగిలిన నలుగురే "ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ", "నేచురల్ ఎలిమెంట్స్" చేసి, 1978 నాటికి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

1997లో "రిమెంబర్ శక్తి" పేరుతో బ్రిటన్ పర్యటన. ఎల్.శంకర్ స్థానంలో హరిప్రసాద్ చౌరాసియా బాన్సురీ (వెదురు వేణువు). 1999 నుంచి మన పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్, విక్కు గారి చోట వాళ్లబ్బాయి సెల్వగణేష్. 2000 డిసెంబర్‌లో బొంబాయి కచేరీల రికార్డుతో శంకర్ మహదేవన్ గొంతు. 2014 సెప్టెంబర్ 19న శ్రీనివాస్ పోయారు, 45 ఏళ్లకే. మళ్లీ కలిసినప్పుడు పాత పేరే, శక్తి. వయొలిన్‌కి గణేష్ రాజగోపాలన్ (గణేష్-కుమరేష్ జంటలో గణేష్). 2023లో "దిస్ మూమెంట్", 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ. ఆ డిసెంబర్ 15న జాకిర్ కూడా పోయారు.

నా మాట ఇది. పేర్లు లెక్కపెట్టడం కంటే పీటలు లెక్కపెట్టడం మేలు (వాళ్లు కూర్చునేది నేల మీదే అనుకోండి). గిటార్ పీటా, తబలా పీటా అన్ని రికార్డుల్లోనూ కదల్లేదు. గిటార్‌కి ఎదురు పలికే వాయిద్యం మూడుసార్లు మారింది: వయొలిన్, వేణువు, మాండొలిన్, మళ్లీ వయొలిన్. రాఘవన్ మృదంగం సంగతి పక్కనపెడితే, తబలా పక్క వాద్యం ఒకసారి మారింది. 2000లో కొత్తగా ఇంకో పీట వేశారు. పాట తీరు మారిన ప్రతిచోటా కారణం ఈ మూడింట్లోనే దొరుకుతుంది.

పరీక్ష కావాలంటే "లోటస్ ఫీట్" ఒక్కటి తీసుకోండి. మొదటి రికార్డులో వయొలిన్‌తో, 1997 పర్యటన రికార్డులో వేణువుతో, శ్రీనివాస్ ఉన్న "ది బిలీవర్" రికార్డులో మాండొలిన్‌తో. ట్యూన్ ఒకటే, ఎదురు వాయిద్యం వేరు. వరసగా మూడూ వినండి, తర్వాత కొట్టుకుందాం.

వాయులీనం
మూడూ విన్నాక నా ఓటు 1975కే, పాతదనే మోజుతో కాదు. కమాను ఉన్న వాయిద్యం స్వరాన్ని ఎంతసేపైనా పట్టి ఉంచుతుంది. గిటార్‌కి ఆ పని చేతకాదు, మీటగానే నాదం అరగడం మొదలవుతుంది. ఒకటి సాగదీస్తే ఇంకొకటి చుక్కలు పెడుతుంది. జంట కుదరడమంటే అదే.

ఇంకో సంగతి. కర్ణాటక పద్ధతిలో వయొలిన్‌ని గడ్డం కింద ఇరికించరు. నేల మీద కూర్చుని, తల భాగాన్ని కుడికాలి మడమ దగ్గర ఆనించి, రెండో చివర ఎడమ భుజానికి ఆనిస్తారు. వాయిద్యం బరువు ఎడమచెయ్యి మోయక్కర్లేదు కాబట్టి వేలు తీగ మొదటినుంచి చివరిదాకా జారుతుంది. తీగల శ్రుతి కూడా స-ప-స-ప. మొదటి రికార్డులోని "జాయ్" 18 నిమిషాల్లో ఎల్.శంకర్ గిటార్‌తో పోటీపడి అంత వేగంలోనూ గమకం (స్వరాన్ని ఊపుతూ జారించడం) చెడకుండా వెళ్తాడంటే సగం రహస్యం ఆ కూర్చునే తీరులో ఉంది. శంకర్ ఆ తర్వాత పది తీగల జంట వయొలిన్ చేయించుకున్నాడు కానీ అది ఈ బ్యాండ్ తర్వాతి కథ.

2023 రికార్డులో గణేష్ గారి వయొలిన్ విన్నప్పుడు పాత అభిమానులు "మళ్లీ మొదటికొచ్చింది" అన్నారు. రాలేదు. అప్పటికి గొంతు ఉంది. సాగదీసే పని గొంతూ వయొలినూ పంచుకోవాల్సి వచ్చింది.

గోదారి తంత్రి
వాయులీనం గారూ, మాండొలిన్‌కి మీరు అన్యాయం చేస్తున్నారండి.

మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. జత తీగల్ని ఒకేసారి ఒకే మేరకు లాగడం దాదాపు కుదరదు, ఒకటి ముందు ఎక్కి రెండోది వెనకబడుతుంది, స్వరం రెండుగా చీలుతుంది. అందుకే గమకం ఆ వాయిద్యానికి రాదని అందరూ తీర్మానించేశారు. శ్రీనివాస్ చేసింది వినడానికి చిన్న మార్పే: జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు, పైగా ఎలక్ట్రిక్ పికప్ (తీగ కదలికని విద్యుత్తుగా మార్చే బిళ్ల). ఒంటి తీగ కాబట్టి గమకం పలుకుతుంది, పికప్ ఉంది కాబట్టి నాదం వెంటనే చచ్చిపోదు, ఐదో తీగ ఉంది కాబట్టి మంద్రం (కింది స్థాయి) దొరుకుతుంది.

దీనికి కట్టాల్సిన మూల్యం ఏంటంటే, తీగ పొట్టిది. గిటార్ తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, మాండొలిన్‌ది 35. మెట్లు (ఫ్రెట్లు) ఇరుకుగా ఉంటాయి, వేలు వెంట్రుకవాసి ఎక్కువ కదిలితే స్వరం దాటిపోతుంది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండొలిన్ వాయించరు, పాడి చెప్పేవారు. పిల్లాడు గొంతు విని వాయిద్యం మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేటప్పటికి తొమ్మిదేళ్లు. అది చేతివేళ్లు నేర్చిన పాఠం కాదు, చెవి నేర్చింది. శక్తిలో ఆయన వాటా అర్థం కావాలంటే ఇది తెలియాలి.

వాయులీనం గారి ఫిర్యాదులో నిజం లేకపోలేదు: ఎదురెదురుగా రెండూ మీటే వాయిద్యాలే అయ్యాయి. దాని ఫలితం "ది బిలీవర్"లో వినిపిస్తుంది. సాగే స్వరం తగ్గింది, ప్రశ్న-జవాబు పెరిగింది. ఇద్దరూ ఒకే జాతి మాట మాట్లాడుతున్నట్టుంటుంది, ఒక్కోచోట ఎవరిది ఏదో పోల్చుకోవడానికి రెండోసారి వినాలి. నాకదే ఇష్టం.

కొత్తచెవి
మొదటి రికార్డులో గిటార్ చప్పుడు వేరేగా ఉంది, వెనకాల ఏదో తంబూరా లాంటిది మోగుతోంది. తంబూరా వాయించినవాళ్ల పేరు అట్ట మీద లేదు మరి?

ఆకురాయి
అది గిటారే బ్రో. గిబ్సన్ జె-200 ఒళ్లు తీసుకుని అబ్రహాం వెక్టర్ కట్టిన వాయిద్యం. మామూలు ఆరు తీగలు, వాటి కింద సౌండ్‌హోల్ మీదుగా ఏటవాలుగా ఇంకో ఏడు. మొత్తం పదమూడు. కింది ఏడూ సితార్ తరఫ్ తీగల్లా వాటంతటవే మోగుతాయి, కావాలంటే కుడిచేత్తో ఒక్క గీతలో మొత్తం మీటొచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఏడింటినీ రాగాన్ని బట్టి శ్రుతి చెయ్యాలి. సాధారణ గాంధారం ఉన్న రాగం నుంచి అంతర గాంధారం ఉన్నదానికి వెళ్తే గాంధారం తీగ మార్చక తప్పదు, లేకపోతే మీరు ఏం వాయించినా అది వెనకనుంచి గొణుగుతూనే ఉంటుంది.

రెండో సంగతి ఆ గిటార్ మెడ. మెట్ల మధ్య చెక్కని గుంటగా తోడేశారు, వీణ మెట్ల మీదలాగా వేలు చెక్కకి తగలకుండా తీగకి మాత్రమే తగులుతుంది. నొక్కి పైకి తీసుకెళ్లొచ్చు, పక్కకి లాగొచ్చు. మెక్‌లాఫ్లిన్ అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో వీణ నేర్చుకున్నదాని ప్రభావం కనపడేది ఇక్కడే. 1997 తర్వాతి రికార్డుల్లో మోగేది ఎలక్ట్రిక్ గిటార్. శ్రుతిపెట్టె అన్నకి ఇక్కడ నా అభ్యంతరం: గిటార్ పీట మీద మనిషి కదల్లేదు సరే, వాయిద్యం మారింది. అది కూడా లైనప్ మార్పే.

శ్రుతిపెట్టె
ఒప్పుకున్నా. ఆ ఏడు తీగలు పోవడం వయొలిన్ పోయినంత మార్పే.

కొత్తచెవి
ఆకురాయి అన్నా, మామూలు గిటార్‌కి అలా గుంటలు ఇంట్లో తోడుకోవచ్చా?

ఆకురాయి
చెయ్యొచ్చు, కానీ ఖరీదైన గిటార్ మీద మొదలుపెట్టకు. తోడిన చెక్క తిరిగి రాదు.

మెట్లు అరిగిపోయి ఉంటే ముందు అవి మార్పించు, తోడిన తర్వాత మార్చడం తలనొప్పి. తీగలు తీసెయ్. ప్రతి మెట్టు మీదా రెండు వరసలు మాస్కింగ్ టేపు, గిటార్ ఒళ్లంతా గుడ్డ. ముందు 12వ మెట్టు పైన మొదలుపెట్టు. అక్కడ ఇరుకు, తప్పు జరిగినా నష్టం తక్కువ, తీగ లాగడానికి ఎక్కువ అవసరమయ్యేదీ అక్కడే. అర్ధచంద్రాకారపు ఆకురాయితో మెట్టుకి సమాంతరంగా, తీగలకి అడ్డంగా రాయి. మెట్టు పక్కన రెండు మిల్లీమీటర్లు ముట్టుకోవద్దు, మెట్టు కాలు చెక్కలో దిగి ఉండేది అక్కడే, అది బలహీనపడితే మెట్టు లేస్తుంది. గుంట నడిమి లోతు ఒకటిన్నర మిల్లీమీటరు చాలు, రెండు దాటితే నేను బాధ్యుణ్ని కాదు. చెక్క మీద తెల్లచుక్కలు పల్చగా ఉంటాయి, ఆకురాయి కింద మాయమైపోతాయి, ముందే చూసుకో. తర్వాత 120, 220, 400 నంబర్ గరుకు కాగితాలు వరసగా, రోజ్‌వుడ్ అయితే చివర్న నూనె. మేపుల్ అయితే లక్క పూత మళ్లీ వెయ్యాలి, దాని జోలికి పోకు.

అందరూ చేసే తప్పు ఇక్కడ: తోడాక పాత అలవాటు ప్రకారం గట్టిగా నొక్కుతారు. కింద ఆపడానికి చెక్క లేదు, తీగ దిగుతుంది, స్వరం పైకెక్కుతుంది, కార్డ్ కొడితే ఆరు తీగలూ ఆరు దారులు. అప్పుడు సన్నతీగలు వేస్తే సర్దుకుంటుందేమో అనుకుంటారు. సన్నతీగ ఇంకా తేలిగ్గా దిగుతుంది, తప్పు పెరుగుతుంది. ఒక సైజు లావు తీగలు వేసి, వేలి బరువు తగ్గించుకోవడమే మార్గం.

మట్టికుండ
గిటార్ల గోల అయిపోతే తాళం వైపు రండి. అసలు మార్పు నాకు అక్కడే కనిపిస్తుంది.

మొదటి రికార్డులో తబలా, మృదంగం, ఘటం మూడూ ఉన్నాయి. తబలా కుడి మూతా, మృదంగం కుడి మూతా రెండూ శ్రుతి పలికే, నడుమ నల్లటి కరణి పూసిన మూతలే. దగ్గరదగ్గర శ్రుతిలో ఉన్నప్పుడు వేగం పెరిగేకొద్దీ ఒకదాని మోత ఇంకొకదాని మీద పడుతుంది. హెడ్‌ఫోన్లలో వినండి, దాదాపు అరగంట సాగే ఆ పెద్ద పాటలో తెలుస్తుంది. రాఘవన్ గారు లేని తర్వాతి రికార్డులో విక్కు గారు అక్కడక్కడా మృదంగం పట్టినా ప్రధానం ఘటమే. ఒకటి చర్మం, ఒకటి మట్టి. ఎంత వేగంలోనైనా విడివిడిగా తెలుస్తాయి. రాఘవన్ గారి వాయింపులో లోపం ఉందని కాదు, వాద్యాల పొత్తు సంగతి చెబుతున్నా.

ఘటానికి ఒక మొండితనం ఉంది, శ్రుతి బట్టీలోనే ఖాయమైపోతుంది. తబలా అయితే సుత్తితో గట్టాలు దించి కావలసినంత సర్దుకోవచ్చు. ఘటం మూతి లోపల కాస్త మెత్తటి బంకమట్టి అంటిస్తే కొద్దిగా దిగుతుంది, ఎక్కించే దారి లేదు. అందుకే ఘటవిద్వాంసుడు శ్రుతికొకటి చొప్పున నాలుగైదు కుండలు మోసుకెళ్తాడు. పర్యటనలో అంటే ఊహించుకోండి, విమానం సరుకులో మట్టికుండలు. మానామదురై ఘటం బరువు, గోడ మందం, లోహపు పొడి కలిసిన మట్టి, ఖంగున మోగుతుంది కానీ వేళ్లకి శిక్ష. మద్రాసుది తేలిక, శబ్దం మెత్తన. మూతిని పొట్టకి ఆనించి తీస్తూ మూస్తూ వాయిస్తే ఆ "గుమ్" అనే కిందిశబ్దం.

1999 తర్వాత సెల్వగణేష్ చేతిలో ప్రధానంగా కంజీర. ఏడెనిమిది అంగుళాల చట్రం, ఒక మూత, ఒకచోట లోహపు బిళ్లలు. అంత చిన్నదానికి శ్రుతి దించాలంటే చర్మం లోపలివైపు నీళ్లు చిలకరించాలి. ఎక్కువైతే బద్దలైన డప్పులా "భద్" అంటుంది, తక్కువైతే పలక. రంగస్థలం దీపాల వేడికి ఆరిపోతుంది, ఆరేకొద్దీ శ్రుతి ఎక్కుతుంది, పాటకీ పాటకీ మధ్య మళ్లీ తడి. పాతకాలపు కంజీరకి ఉడుము చర్మం వాడేవారు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మేక చర్మం, సింథటిక్ మూతలు వచ్చాయి. సింథటిక్‌కి తడి బాధ లేదు, ఆ "గుమ్మ్‌మ్" జారుడు మాత్రం సగమే.

ఘటం వెనక్కి తగ్గి కంజీర ముందుకి రావడంతో తాళం వైపు కిందిశబ్దం పెరిగింది. తబలా డగ్గాకి (ఎడమచేతి వాద్యానికి) ఎదురుగా ఇంకో డగ్గా దొరికినట్టయింది. తండ్రీకొడుకులు ఒకే పీట మీద కూర్చున్నా పీట శబ్దం మారిపోయింది. జాకిర్‌ని ఎదుర్కోవడంలో కొడుకే ఎక్కువ దూకుడు అని నా అభిప్రాయం, తిట్టుకోండి.

వాయులీనం
తిట్టం గానీ, విక్కు గారిది దూకుడు అక్కర్లేని చెయ్యి.

ఆలాపన
1997 లైనప్‌ని అందరూ దాటేసి వెళ్లిపోతున్నారు. రెండు డిస్కుల ఆ రికార్డులో "ముక్తి" ఒక్కటే గంటకి పైన ఉంటుంది, "చంద్రకౌన్స్" అరగంట దాటుతుంది. హరిప్రసాద్ గారు హిందుస్తానీ మనిషి, తొందరపడరు. బాన్సురీకి శ్రుతి మారాలంటే వేణువే మార్చాలి, ఆరు రంధ్రాలు సగం మూసి స్వరం జారించాలి, ఊపిరి అయిపోతే వాక్యం ఆగాలి. ఆ ఊపిరి విరామాలు పాటంతటికీ లయ అయిపోయాయి. అందులో తీర్మానాల (తాళవాద్యాల ముగింపు అల్లికల) యుద్ధం వెతికేవాళ్లకి నిద్ర వస్తుంది. తప్పు రికార్డుది కాదు.

చరణం
గొంతు పీట గురించి నేను.

"గిరిరాజ్ సుధ" అని అట్ట మీద ఇంగ్లీషు అక్షరాల్లో చూసి అమృతం, సుధ అని అర్థాలు చెప్పేవాళ్లని చూశా. అది "గిరిరాజసుతా తనయ", త్యాగరాజస్వామి కృతి ఎత్తుగడ, బంగాళ రాగం. గిరిరాజు సుత పార్వతి, ఆమె తనయుడు గణపతి. తమిళుల లిపిలో త, ద, ధలకి ఒకటే అక్షరం, అక్కణ్నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి కూతురు కాస్తా అమృతం అయింది.

గొంతు వచ్చాక జరిగే మొదటి మార్పు శ్రుతి. గిటార్ ఏ శ్రుతిలోనైనా వాయించొచ్చు, గొంతుకి మాత్రం ఒక ఇల్లు ఉంటుంది. గాయకుడి శ్రుతికి తబలా, కంజీర, వయొలిన్ అన్నీ దిగిరావాలి. రెండోది నిడివి. మాటలున్న పాటకి పల్లవి తిరిగి రావాలి, వినేవాడు దానికోసం ఎదురుచూస్తాడు, మధ్యలో గిటార్‌కి 15 నిమిషాలు వదిలితే పాట చెదిరిపోతుంది. మూడోది జతులు (తకధిమి లాంటి లయ మాటలు). స్వరకల్పన, కొన్నక్కోల్ (జతుల్ని నోటితో పలకడం) వచ్చేసరికి తాళం వాళ్లకి ఇంకో తోడు దొరికింది. శంకర్ మహదేవన్ సినిమావాడు కదా అని చిన్నచూపు చూసేవాళ్లు ఆ స్వరాల దగ్గర చెవి పెట్టండి.

వాయులీనం
స్వరాలు బాగుంటాయి. కానీ గొంతు ఉన్నంతసేపు వింటున్నవాడి కన్ను గొంతు మీదే. 1975లో ఐదుగురిలో ఎవరు పెద్ద అని తేల్చలేకపోయేవాళ్లం, 2001 తర్వాత ముందు వరస, వెనక వరస ఏర్పడ్డాయి. ఇది నేను మార్చుకోను.

తిశ్రనడ
"దిస్ మూమెంట్" మీద ఎవరూ ఏమీ అనలేదు. కరోనా కాలంలో ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్లో కూర్చుని ఫైళ్లు పంపుకుంటూ చేశారు. ఎనిమిది పాటలు. శబ్దం శుభ్రత విషయంలో శక్తి రికార్డుల్లోకెల్లా ఇదే మొదటిది. లోటు కూడా ఆ శుభ్రతే. కచేరీలో తబలా వాడు తీర్మానం మొదలుపెట్టి కళ్లెత్తి చూస్తాడు, రెండోవాడు మూడో ఆవృత్తంలో (తాళం చుట్టులో) అందుకుంటాడు, లయ కాస్త ముందుకి ఒరుగుతుంది. ఫైలు మీద వాయించేటప్పుడు ఆ ఒరుగుడుకి చోటు లేదు, ముందే ఖాయం చేసిన లయ దాటితే మిగతా అందరి ట్రాకులూ తప్పుతాయి. ఆ పాటల్నే పర్యటనలో వాయించినప్పటి వీడియోలతో పోల్చి చూడండి, "మోహనం" రెండుచోట్లా రెండు రకాలు.

"శ్రీనీస్ డ్రీమ్" శ్రీనివాస్ గుర్తుగా పెట్టిన పేరు. అది వింటూ మాండొలిన్ ఎక్కడ వస్తుందా అని ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

గోదారి తంత్రి
నేను అందులో ఒకణ్ని.

కొత్తచెవి
జాకిర్ గారు లేకుండా ఇక ఆ పేరు వాడొచ్చా? శ్రుతిపెట్టె అన్నా, మీ పీటల లెక్క ప్రకారం?

శ్రుతిపెట్టె
నా లెక్క అక్కడ తెగిపోతుంది. కదలని పీటలు రెండన్నాను, వాటిలో ఒకటి ఖాళీ. మిగతావాళ్లు మారినప్పుడు ఎదురు వాయిద్యం మారింది, తబలా మాత్రం అందరికీ మధ్యవర్తి. ఉత్తరాది ఠేకా (తాళపు మూల వాయింపు), దక్షిణాది జతి, గిటార్ వేగం మూడూ తెలిసిన చెయ్యి. గొప్ప తబలా వాళ్లు ఉన్నారు. ఘటం, కంజీరతో అన్నేళ్లు కూర్చుని తీర్మానాలు దక్షిణాది లెక్కలో అల్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. పాటలు ఎవరైనా వాయించొచ్చు. పేరు పెట్టుకోవడం మెక్‌లాఫ్లిన్ ఇష్టం, ఆయన 1942లో పుట్టిన మనిషి.

మట్టికుండ
సెల్వగణేష్ ఒక్కడితో తాళం నడిపి, తబలా పీట ఖాళీగానే వదిలేస్తే? అది కూడా ఒక లైనప్పే.

వాయులీనం
ఖాళీ పీట ముందు ఏ వయొలినిస్టుకీ చెయ్యి సాగదు మట్టికుండ గారూ.

కొత్తచెవి
పాత సందేహం ఒకటి. మృదంగం ఎడమ మూతకి ఏదో పిండి ముద్ద పెడతారంటారు, కచేరీ మధ్యలో కూడా. ఏ పిండి అది? గోధుమ పిండా?

మట్టికుండ
పిండి కాదు, బొంబాయి రవ్వ, సన్నరకం. ఉప్మాకి వాడేదే, వేయించకూడదు. నీళ్లతో జిగట వచ్చేదాకా పిసికి, ఎడమ మూత నడుమ తడిచేసి బిళ్లలా అద్దాలి. ముద్ద పెద్దదయ్యేకొద్దీ శ్రుతి దిగుతుంది, ఎక్కువ దిగితే గోటితో కాస్త గిల్లి తీసెయ్యడమే. ఏసీ హాల్లో అరగంటకే అంచులు ఎండి పగుళ్లిస్తుంది, వేలితో నీళ్లు రాస్తూ ఉండాలి. కచేరీ అయ్యాక మర్చిపోకుండా గీకి తుడిచెయ్యాలి, ఎండిన రవ్వ చర్మాన్ని లాగేస్తుంది. మిగిలిన ముద్ద మర్నాటికి దాచొద్దు, పులిసిపోతుంది.